పేటెంటు పుట్టిన రోజు

పలాస దగ్గర ఒక ఊళ్ళో హైమావతి అనే వెల్డరు ఉండేది. ఎర్రగా కాలిన ఇనుమంటే ఆమెకు భయం లేదు గానీ, ముద్ర వేసిన కాగితం కనిపిస్తే మాత్రం చదవకుండానే వణికిపోయేది. కరెంటు బిల్లు వచ్చినా పక్కింటికి పట్టుకెళ్ళి ఇందులో ఏముందని అడిగేది. పైగా ఐ.టి.ఐ. చదివిన మనిషి. ఏం చెప్పమంటారు?

ఆ ఊళ్ళో ఇంటింటా ఆడవాళ్ళు జీడి పిక్కలు కొడతారు. పిక్క పగిలినప్పుడు లోపలి నుంచి నూనె చిమ్ముతుంది. అది తగిలితే చర్మం కాలి పొక్కుతుంది. హైమావతి అత్త తవిటమ్మ ముప్పై ఏళ్ళుగా ఆ పని చేసి వేళ్ళ మీద గీతలే పోగొట్టుకుంది. రేషను షాపులో ఆమె వేలిముద్ర ఎన్నిసార్లు నొక్కినా పడేది కాదు. అన్నం కలుపుకుంటే చేతులు మండేవి. అది చూసి హైమావతి మనసు తరుక్కుపోయేది.

చేతికి నూనె అంటకుండా పిక్క కోసే యంత్రం ఊళ్ళో లేకపోలేదు. దాన్ని కనిపెట్టింది కృపాసింధు అనే ఫ్యాక్టరీ యజమాని. తెలివైనవాడే, కాదనలేం. దానికి ఆయన పేటెంటు తీసుకున్నాడు. అంటే ఆయన ఒప్పుకోనిదే ఇంకెవరూ ఆ యంత్రం చెయ్యకూడదు, అమ్మకూడదు. ఆయనేమో పెద్ద ఫ్యాక్టరీలకే అమ్మేవాడు. ఇళ్ళలో పిక్కలు కొట్టేవాళ్ళు అడిగితే, మీకెందుకమ్మా యంత్రాలు అని నవ్వేసేవాడు. పేటెంటు కాగితం చేతికి వచ్చిన రోజున మేళాలతో ఊరేగాడు. అప్పటి నుంచి ఏటా అదే రోజున ఊరందరికీ జీడిపప్పు పాకం మిఠాయి పంచేవాడు. దాంతో చిన్నా పెద్దా అందరికీ లెక్క నోటికి వచ్చేసింది. పేటెంటుకు ఇరవై ఏళ్ళు, పాకం తినడం మొదలై పదిహేనేళ్ళు, ఇంకా ఐదేళ్ళు మిగిలాయి.

ఆ ఏప్రిల్‌లో తవిటమ్మ చేతులకు పుళ్ళు పడ్డాయి. హైమావతి ఇక ఆగలేకపోయింది. తన షెడ్డులో పాత సైకిలు పెడలు బిగించి అలాంటి యంత్రమే ఒకటి చేసింది. నాలుగు రోజులు తవిటమ్మ హాయిగా పిక్కలు కోసింది. ఐదో రోజు అన్నం కలుపుకుంటూ, చెయ్యి మండటం లేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వారం తిరక్కుండా ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తమకూ కావాలని వచ్చారు.

వాళ్ళ వెనకే కృపాసింధు గుమాస్తా నోటీసు పట్టుకొచ్చాడు. దానికి పేటెంటు కాగితం నకలు కూడా జత చేశాడు. పని ఆపకపోతే కోర్టుకు లాగుతామని, షెడ్డు మూయిస్తామని నోటితో చెప్పి వెళ్ళాడు. హైమావతి ఆ కాగితాలు విప్పనైనా లేదు. ముద్ర చూసింది, చాలు. యంత్రాన్ని విప్పదీసి గోనెసంచిలో వేసింది. షెడ్డు కూడా మూసేసి కూలికి పోతానంది.

తవిటమ్మకు చదువు రాదు. కానీ కోడలి మాట ఆమెకు నచ్చలేదు.

"అమ్మీ, ఆ కాయితంలో ఏటి రాసుందో సదివినావా?" అని అడిగింది.

"సదవడానికేటుంది అత్తా? ఇంకా ఐదేళ్ళుంది. ఊరందరికీ తెలుసు."

"ఊరికి తెలిసింది పాకం తిన్న రోజు. బారసాల బోజనం తిన్న నాటి నుంచి పిల్లకి వయసు లెక్కేత్తామేటి? అది పుట్టిందెప్పుడో సూడు."

హైమావతి భయపడుతూనే కాగితం విప్పింది. పైన పెద్ద ముద్ర ఉంది. కింద పేటెంటు ఇచ్చిన తేదీ ఉంది. అది పాకం రోజే. కానీ మధ్యలో ఒక వాక్యం ఉంది. దాన్ని ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చదవలేదు. ఈ హక్కు ఫలానా ఏడాది జూన్ పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళపాటు ఉంటుందని అందులో రాసి ఉంది. ఆ జూన్ పన్నెండు, పాకం రోజుకు దాదాపు ఐదేళ్ళ ముందుది. హైమావతి వేళ్ళ మీద లెక్కపెట్టింది. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టింది. మిగిలింది ఐదేళ్ళు కాదు, నలభై ఆరు రోజులు.

మర్నాడే విశాఖపట్నం బస్సెక్కి, పేటెంట్ల కేసులు చూసే ప్రసూన అనే లాయరు దగ్గరికి వెళ్ళింది. దరఖాస్తు పెట్టిన రోజే పేటెంటుకు పుట్టిన రోజని ప్రసూన చెప్పింది. ఆఫీసువాళ్ళు పరీక్షించి కాగితం ఇవ్వడానికి ఎన్నేళ్ళు పట్టినా అవి ఆ ఇరవైలోనే పోతాయట. మధ్యలో ఏటేటా రుసుము కట్టకపోతే హక్కు ఇంకా ముందే పోతుందట. కృపాసింధు మాత్రం తప్పకుండా కడుతున్నాడని రిజిస్టరు చూసి చెప్పింది. మూడేళ్ళ కిందట ఆయన యంత్రానికి కొత్త మూత చేసి దానికీ పేటెంటు తెచ్చుకున్నాడు కదా అని హైమావతి అడిగింది. అది మొదటిదానికి అనుబంధం కాబట్టి మొదటిదానితోనే ముగుస్తుందని ప్రసూన అంది.

"గడువు పెంచమని ఆయన అడిగితే?"

"కొన్ని దేశాల్లో ఆఫీసు ఆలస్యానికీ, మందుల అనుమతులకు పట్టే కాలానికీ కొంత గడువు కలుపుతారు. మన చట్టంలో అది లేదు. ఇరవై అంటే ఇరవయ్యే. కానీ ఒక్క మాట. జూన్ పన్నెండు దాటేదాకా హక్కు ఆయనదే. యంత్రం ఎలా చెయ్యాలో దాచుకోకుండా బొమ్మలతో సహా రాసిచ్చాడు. దానికి బదులుగా ఈ దేశం ఆయనకిచ్చిన మాట అది."

అప్పుడు పిక్కల పని ముమ్మరంగా ఉంది. చాటుగా చేసివ్వమని ఆడవాళ్ళు బతిమాలారు. హైమావతి ఒప్పుకోలేదు. కాగితంలో తనకు పనికొచ్చే సగమే నమ్ముతానంటే ఎలా అంది. తవిటమ్మ చేతులకు కొబ్బరినూనె రాసుకుని మళ్ళీ పిక్కలు కొట్టింది. "ముప్పై ఏళ్ళు ఓర్సుకున్నాను, నలభై రోజులు ఓర్సుకోలేనా?" అంది. ఆ మాటకు హైమావతి ఏడ్చింది గానీ, గోనెసంచి మూతి విప్పలేదు. కాగితం చూపిస్తే చాలు, పిల్లి అయిపోయిందని కృపాసింధు టీ కొట్టు దగ్గర నవ్వుకున్నాడు.

జూన్ పదమూడు పొద్దున్నే షెడ్డు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. వెల్డింగు నిప్పురవ్వలు వీధిలోకి ఎగిరాయి. మధ్యాహ్నానికి యంత్రం సిద్ధమైంది. తవిటమ్మ పెడలు తొక్కి మొదటి పిక్క కోస్తుండగా కృపాసింధు కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

ఈసారి హైమావతి ముద్ర చూసి వెనక్కి తగ్గలేదు. ఆ కాగితం అందుకుని, మధ్యలో ఉన్న వాక్యాన్ని వీధంతా వినేలా చదివింది.

"నిన్నటిదాకా ఇది మీ హక్కు బాబూ. మీ నోటీసు వచ్చిన కాడి నుంచి నిన్నటిదాకా నాను ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఈ రోజు నుంచి అందరిదీ" అంది.

ఆఫీసువాళ్ళు తిన్న ఐదేళ్ళూ తనకు కలపాలని ఆయన వాదించాడు. అదే పట్టున విశాఖపట్నం వెళ్ళి తన లాయరునూ అడిగాడు. ఆ లాయరూ ఇరవై అంటే ఇరవయ్యే అనడంతో రెండో రోజు తిరిగొచ్చాడు. కొన్నాళ్ళకు షెడ్డుకు వచ్చి, ఆ పెడలు ఎలా బిగించావమ్మా అని అడిగి తెలుసుకున్నాడు. హైమావతి దాచకుండా చూపించింది.

మరుసటి ఏడు పిక్కలు వచ్చేసరికి ఆ ఊళ్ళో యంత్రం లేని ఇల్లు లేదు. ఒక ఉదయం తవిటమ్మ రేషను షాపుకు వెళ్ళి అలవాటు కొద్దీ భయపడుతూ బొటనవేలు పెట్టింది. మొదటిసారికే పచ్చదీపం వెలిగింది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తవిటమ్మ ఆ వేలిని కోడలికి చూపించడానికి బియ్యం సంగతే మరిచిపోయి ఇంటికి పరుగెత్తింది.

ముద్ర ఎంత పెద్దదైనా, కాగితాన్ని చివరిదాకా చదవకుండా భయపడకూడదు. ఎదుటివారి హక్కు ఎప్పటిదాకానో, మన హక్కు ఎప్పటినుంచో రెండూ అందులోనే ఉంటాయి.