ముక్కు లేని హంసలు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో నేతగాళ్లందరికీ కలిపి ఒకటే మగ్గాల చావడి. ఒక ఏడాది గాలివానకు దాని కప్పు లేచిపోయింది.

"కప్పు వేసేదాకా ఎవరి మగ్గం వారింట్లోనే. దసరాకు అమ్మవారి చీర ఎవరిది బాగుంటే వారే ఆస్థాన నేతగాడు," అన్నాడు రాజు. దసరాకు పన్నెండు రోజులే ఉన్నాయి.

ఆ మాటకు అందరికంటే సంతోషించినవాడు పడుచువాడైన భావన్న. వెంటనే లెక్క వేశాడు. చావడికి నడక ఒక గడియ, తిరుగు నడక ఒక గడియ, కబుర్లు రెండు గడియలు. ఆ నాలుగు గడియల్లో జాన గుడ్డ నేయవచ్చు. రోజుకు రెండు జానలు నేసేవాడు ఇక మూడు నేస్తాడు. పన్నెండు మూరల చీర, అంటే ఇరవైనాలుగు జానలు, ఎనిమిది రోజుల్లో ముగుస్తుంది.

హంసల చీర మొదలుపెట్టాడు. మగ్గం మీద బుటా చీరకు ముఖం కిందికి ఉంటుంది. పని ఆపి కిందికి వంగితే తప్ప నేసేవాడికి కనపడేది వెనుకవైపే. చావడిలో పక్క మగ్గం శరభయ్య తాత జానకోసారి వంగి అడుగు చూసేవాడు. బాగుంటే మగ్గం కర్ర మీద వేలితో తట్టేవాడు.

మొదటిరోజే తాత వచ్చాడు. "ఒరే భావన్నా, కిందికి వంగి ఒకసారి చూడనా?"

"నువ్వు వంగితే కబుర్లు మొదలు తాతా. కబుర్లకు అర జాన గుడ్డ ఖర్చు."

"నా మాటకు ఇంత ధర ఉందని నాకే తెలీదురా," అని నవ్వుతూ వెళ్లాడు తాత.

మూడోరోజు మళ్లీ వచ్చాడు. గడప తగిలి తూలాడు. భావన్న భార్య ఈరమ్మ పట్టుకుని పీట వేసింది. భావన్న చేతిలో పోగు నేసే నాడె ఆగలేదు. కాసేపు కూర్చుని తాత లేచి వెళ్లిపోయాడు.

ఐదోరోజు తలుపు వేసి ఉంది. కిటికీ దగ్గర నిలబడి అన్నాడు తాత. "నా దగ్గర ఒక ముడి ఉంది. నీకు చూపించాలిరా."

"పండుగ వెళ్లాక చూపిద్దువులే."

తాత ఇక రాలేదు.

ఎనిమిదోరోజు చీరను మగ్గం నుంచి కోసి తిరగేశాడు భావన్న. జానకు ఐదు చొప్పున నూట ఇరవై హంసలు. ఒక్కదానికీ ముక్కు లేదు.

చీర చంకన పెట్టుకుని తాత ఇంటికి పరుగెత్తాడు. తాత అరుగు మీద ఉన్నాడు. గుడ్డను వేళ్లతో తడిమాడు.

"హంస బొమ్మను తీసే బుటా కట్టులో మొదటి జానలోనే దారం తప్పిందిరా, చివరిదాకా అదే తప్పు వచ్చింది."

"దిద్దే దారి లేదా తాతా? ఇంకా నాలుగు రోజులున్నాయి."

"ఉంది. పోగు తెగకుండా దిద్దే ముడి. చెబితే వచ్చేది కాదు, చేసి చూపాలి. ఇప్పుడు నాకు దారం ఆనడం లేదు నాయనా. చూపు జారిపోతోందనే మూడుసార్లు వచ్చాను."

భావన్న చీర మడిచాడు. లెక్కలో తాను మిగిల్చుకున్న నాలుగు రోజులూ చేతిలోనే ఉన్నాయి. వాటితో చేయగలిగింది ఏమీ లేదు.

రాజు ముందు చీర పరిచి, "తప్పు నాదే దేవా," అన్నాడు. ఆస్థాన నేతగాడి పదవి మరొకరికి దక్కింది.

చావడికి కప్పు పడింది. అందరికంటే ముందు వెళ్లినవాడు భావన్నే. పక్కనున్న తాత మగ్గం ఖాళీగా ఉంది. ఇక భావన్నే జానకోసారి లేచి, అవతలివాళ్ల మగ్గాల కిందికి వంగి చూసేవాడు. బాగుంటే కర్ర మీద వేలితో తట్టేవాడు. ఆ ముడి మాత్రం ఆ రాజ్యంలో మళ్లీ ఎవరికీ రాలేదు.

కనుక పిల్లలూ, పని ఇంట్లో కూర్చుని చేసినా తప్పు లేదు. మన పనిని అడుగునుంచి చూసే కంటికి తలుపు మూయడమే తప్పు.