నీ తప్పు కాదు, సోములమ్మా

అనగా అనగా, ఏటికింకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, ఒక ఊరుండేది. ఊరికి ఇటు ఏరు, అటు పెద్ద చెరువు. ఆ ఊరివాళ్లు వల ఎరగరు. వెదురుగడకి తాడు కట్టి, తాడు కొసన గాలం కట్టి, గాలానికి కోడి ఈకని పురుగులా చుట్టి నీటిమీదికి విసిరేవారు. పురుగే అనుకుని చేప ఎగిరి అందుకునేది. ఎంత వింతో చూడండి, ఒక ఈక మీద ఊరంతా బతికింది.

ఆ తాళ్లు పేనేది సోములమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. జిల్లేడు నార తొడమీద వేసి రెండు రకాలు పేనేది. చెరువు తాడు సన్నం. దానికి తేనెమైనం రాసేది, చప్పుడు లేకుండా వాలి నీటిమీద తేలాలని. ఏటి తాడు లావు. దాన్ని తుమ్మచెక్క ఉడికించిన నీళ్లలో నానేసేది, వడికి తెగకుండా లోపలికి దిగాలని. ఎవరొచ్చినా, ఏ నీళ్లకో చెప్పందే తాడు ఇచ్చేది కాదు.

ఆ ఊరి పెద్ద దాలయ్య. ఒకరోజు పదిమందిని వెంటేసుకుని వచ్చి తాళ్లిమ్మన్నాడు.

"ఏ నీళ్లకి మావా?" అంది సోములమ్మ.

"తాడుకి నీళ్లతో పనేటే? రేపు చేప ఇంటిపేరు కూడా అడుగుతావా?" అన్నాడు దాలయ్య. పదిమందీ నవ్వారు. అవి చెరువువి మావా, ఏటికి ఆగవు అని ఆవిడ చెబుతున్నా, నవ్వుతూనే చేతికందిన సన్నతాళ్లు పట్టుకుని ఏటికి పోయారు. వడికి తాళ్లన్నీ పుటుక్కుమన్నాయి. దాలయ్య తెగిన ముక్కలు తెచ్చి ఆవిడ వాకిట్లో పారేసి, నార దొంగిలించి తాడు పలచన చేశావన్నాడు.

అడగవలసింది ఆవిడ అడిగింది. చెప్పవలసింది చెప్పింది. వినవలసినవాడు వినలేదు.

రెండోసారి వచ్చాడు. ఈసారి లావువే ఇమ్మన్నాడు. అవి చెరువుకి పనికిరావు మావా అని ఆవిడ చెబుతూనే ఉంది. తీసుకుపోయి చెరువులోనే విసిరారు. తడిసిన పలుపులా తాడు ధబీమని పడేది. చేపలు అడుక్కి పోయేవి. మూడు రోజులు ఊళ్లో పొయ్యి మీద చేప లేదు. దాలయ్య ఈసారి తాళ్లకి చేతబడి చేశావన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపారు. ఆవిడ చేతి తాడుతో ఇన్నేళ్లు తిన్న తలలే అవి.

అడగవలసింది అడిగింది. చెప్పవలసింది చెప్పింది. వినవలసినవాడు వినలేదు.

మూడోసారి వచ్చినప్పుడు, ఈ పూట చేప పడకపోతే నువ్వు ఊళ్లో ఉండవన్నాడు. మళ్లీ సన్నతాళ్లే తీశాడు. తెగకుండా మూడింటిని కలిపి ముప్పేట వేశాడు. జారకుండా వేళ్లకి మూడు చుట్లు చుట్టి ఏటికి నడిచాడు. ఏటి తాడు పట్టుకుని సోములమ్మ వెనకాలే పరుగెత్తింది. చేతికి చుట్టకు మావా, కోసేస్తుంది, ఇది పట్టుకో అని బతిమాలింది. ఆయన వెనక్కి చూడలేదు. మనిషంత వాలుగ చేప అందుకుంది. తాడు తెగలేదు. వేళ్లు తెగాయి, మూడు.

రక్తం కారుతుంటే దాలయ్య ఏం చేశాడనుకున్నారు? మిగిలిన వేలితో ఆవిడనే చూపించాడు.

ఊరంతా చూసింది. ఊరంతా విన్నది. నోరు మాత్రం ఒక్కరికీ లేకపోయింది. నాకు దాలయ్య మీద కంటే వాళ్లమీదే ఒళ్లు మండుతుంది.

సోములమ్మ ఏడవలేదు. "నా తాడు తప్పో కాదో ఏటిని అడగండి. చెరువుని అడగండి. నన్ను మాత్రం ఇంకేమీ అడక్కండి" అంది. అని ఏటి అవతల ఇసకదిబ్బ మీదికి పోయి కూర్చుంది. ఒక్కరూ పలకరించలేదు. గంజి పోసినవాళ్లు లేరు. వానలు మొదలయ్యేలోగా అక్కడే పోయింది.

చేతబడి తాళ్లని భయపడి ఎవరూ ఆవిడ పాక గడప తొక్కలేదు. ఊరు ఆకలితో మాడుతోంది. అప్పుడు దాలయ్య పెళ్లాం పారమ్మ సోములమ్మ పాక తలుపు తీసింది. ఒక గోడకి సన్నతాళ్లు, ఒక గోడకి లావు తాళ్లు. సన్నది చెరువుకి పట్టుకెళ్లింది. లావుది ఏటికి పట్టుకెళ్లింది. రెండు బుట్టలూ నిండాయి. కూర వండి మొగుడి ముందు పెట్టింది.

"తిను. ఎవరి ఉసురు తింటున్నావో తెలుసుకుని తిను" అంది.

దాలయ్య ముద్ద ఎత్తలేకపోయాడు. ఎత్తడానికి వేళ్లూ లేవు.

అప్పటినుంచి ఆ ఏటి ఒడ్డున ఎవరి తాడు తెగినా, ముందు పైకి అనాలి: "నీ తప్పు కాదు, సోములమ్మా." అనకపోతే ఆ రోజు వాడు తెచ్చిన చేపని ఏ ఆడదీ ముట్టదు. ఊరిపెద్దయితే తాడు తెగకపోయినా అనాలి. తొలివాన పడ్డరోజున అందరి ఎదుటా నిలబడి మూడుసార్లు అనాలి. ఇప్పటికీ అంటున్నారు. ఏరు దాటి వినపడేలా అంటున్నారు.

ఇసకదిబ్బ మీద ఆవిడ ఊపిరితో ఉన్నప్పుడు, ఒక్కరు, ఒక్కసారి, మెల్లగా అన్నా వినపడేది.