పచ్చమ్మ తల్లికి చింతపండు స్నానం

కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజులవి. అలాంటి ఓ కొండ కింద ఓ ఊరు, ఆ ఊరికో దేవత. పేరు పచ్చమ్మ తల్లి. విగ్రహం కాదర్రా, నేలలోంచి మోకాలెత్తున పొడుచుకొచ్చిన రాయి. ఒళ్లంతా నెమలి మెడలా పచ్చన! ఆ పచ్చదనం ఉంటేనే పైరు పచ్చగా ఉంటుందని ఊరి నమ్మకం. అందుకే ఎవరూ ముట్టుకోరు. దూరం నుంచే దండం.

ఆ ఊళ్లో గైరమ్మ అని ఓ మనిషి. పెళ్లయినా జాతరైనా అంట్లు తోమడం ఆమె పని. చింతపండు పట్టుకుని రాగి గంగాళం ముందు కూర్చుందంటే తోమేది, తోమేది, మొహం కనిపించేదాకా తోమేది. మొగుడు పోయాడు. ఆమెకున్నదల్లా అత్త నీలమ్మ, ఆ ఊరు.

ఓ జాతర నాడు ఏమైందంటే, పూజారి దాలయ్య చేతిలోని చేపల పులుసు కుండ జారి సరిగ్గా అమ్మవారి మీద ఒలికింది! అందరూ కొయ్యబారిపోయారు. గైరమ్మ అప్పుడే గంగాళం తోముదామని చింతపండు పిసుకుతోంది. మరక కనిపిస్తే ఆ చేతులు ఊరుకోవు కదా! ఒక్క పరుగున వెళ్లి తోమింది, తోమింది, తోమింది.

పచ్చదనం పోయింది. కింద ఎర్రగా తేలింది.

"ఒలమ్మో! అమ్మకి నెత్తురు!" అని జనంలోంచి కేక లేచింది.

డప్పులు ఆగిపోయాయి.

"అమ్మ తోలు ఒలిసేసినావే!" అన్నాడు దాలయ్య. కుండ జార్చింది ఆయనే, అరుపూ ఆయనదే పెద్దది.

"పొద్దు గుంకేలోగా ఊరు దాటిపో" అన్నాడు పెద్ద నాయుడు.

"ఇది నా కోడలు కాదు, నాకు తెల్దు" అంది నీలమ్మ.

గైరమ్మ కూడా అమ్మవారిని గాయపరిచాననే అనుకుంది పాపం. చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ టక్కున ఆగింది. అరచేతులు మళ్లీ వాసన చూసింది.

"నాయుడుబాబూ! ఇది నెత్తురు కాదు, గంగాళం వాసన!"

"పిచ్చెక్కిందేటే?"

"ఓపాలి సూడండి బాబూ. ఆనక ఎల్లిపోతాను."

నాయుడు రాయిని వేలితో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు ఇంతలేసి చేశాడు. దాలయ్య రుద్దాడు. నీలమ్మ రుద్దింది.

"ఓసోస్, రాగే! ఎన్ని బిందెలవుతాదో!" అనేసి, ఊరంతా ఉరిమి చూసేసరికి నాలుక్కరుచుకుంది.

రాగి అలా ముద్దకి ముద్దగా భూమిలో పుడుతుందని, పైన పచ్చటి చిలుము పడుతుందని మన బడి పుస్తకాల్లో ఉంది. వాళ్లకెక్కడివి పుస్తకాలు?

"ఏ కొలిమీ కరిగించలేదు. ఏ సుత్తీ కొట్టలేదు. అమ్మ రాగిగానే పుట్టినాదిరా!" అన్నాడు దాలయ్య.

ఊరంతా నేల మీద పడి మొక్కింది. గైరమ్మ మాత్రం మూట కట్టుకోడానికి లేచింది.

"యాడికే?" అన్నాడు నాయుడు. "సగమే తోమినావు. మిగతాది ఎవుడు తోముతాడు?"

బతికున్నన్నాళ్లూ ప్రతి జాతరకీ గైరమ్మే తోమింది. ఆమె పోయాక అమ్మని తోమడానికి ఎవరికీ చేతులు రాలేదు. అమ్మ నల్లబడింది. తర్వాత మళ్లీ పచ్చబడింది. పైరు ఎప్పటిలాగే పండింది గానీ, అమ్మని అలా చూసి ఊరికి ముద్ద దిగలేదు. చివరికి ఆడవాళ్లంతా తలా ఇంత చింతపండు పట్టుకుని కదిలారు.

ఇప్పటికీ అంతే. జాతర నాడు ఇంటికో చెయ్యి పడుతుంది. తోమడం అయ్యాక అందరూ అరచేతులు వాసన చూస్తారు.

"ఎవరొచ్చారే?" అని అడుగుతుంది అందరిలోకీ పెద్దామె.

"గైరమ్మొచ్చింది!" అంటారు.

అప్పుడు గానీ డప్పు మోగదు.