వినకపోతే మైల లేదు

మా గురువు బంగారయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే మగ్గం ఆపరు. చేతిపని చేతిదే, వినికిడి వినికిడిదే. జవాబు చెప్పాలనిపిస్తే మాత్రం పేక పోగు నడిపే నాడె పక్కన పెట్టి, మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని కూర్చుంటారు. ఆయన కాళ్లు పైకి తీశారంటే ఆ రోజు ఎవరికో మూడిందని మాకు గుర్తు.

పొందూరులో ఆయన ఇంటి దగ్గర ప్రతి ఆదివారం పదిమందిమి చేరతాం. నేను తపాలా శాఖలో ముప్పై మూడేళ్లు ఉత్తరాలు మోసి రిటైరైనవాణ్ని. నాకు తత్వం తక్కువ, కోపం ఎక్కువ. ఆ ఆదివారం ప్రశ్న అడిగినవాడు పోలారావు. ఎరువుల కొట్టు నడుపుకుంటాడు. మంచివాడే కాని, తాను చెయ్యదలచుకున్న పనికి పెద్దవాళ్ల చేత ఔననిపించుకుంటే గాని అతనికి నిద్రపట్టదు.

"గురువుగారూ, మా చిన్నాన్న శ్రీకాకుళంలో ఆసుపత్రిలో ఉన్నాడు. రేపో మాపో అంటున్నారు. నాకేమో ఎల్లుండి కాశీకి టిక్కెట్టు. మూడేళ్ల నాటి మొక్కు. దారిలో ఉండగా ఏదైనా జరిగితే మైల వచ్చేస్తుంది, ఇక గుడి గడప తొక్కలేను. అందుకని, ఏం జరిగినా నేను తిరిగొచ్చేదాకా కబురు పెట్టొద్దని ఇంట్లో చెప్పి వెళదామనుకుంటున్నాను. వినకపోతే మైల లేదంటారు కదా. తప్పంటారా?"

ఈ మాట మావైపు అందరికీ తెలిసిందే. దాయాది పోయిన కబురు చెవిన పడ్డప్పటినుంచే మైల. నా ఉద్యోగంలో ఎన్ని చూశానో! చావు కబురు కార్డు తెస్తే కొందరు చేత్తో పుచ్చుకునేవారు కాదు. "ఇంట్లో పెళ్లి పెట్టుకున్నాం, నాలుగు రోజులు నీ సంచిలోనే ఉంచవయ్యా" అని బతిమాలినవాళ్లున్నారు. నేనూ ఉంచాను. అందుచేత పోలారావు ప్రశ్న నాకేమీ వింతగా అనిపించలేదు. ఇందులో అడగడానికేముంది, శుభంగా వెళ్లిరా అనబోయాను కూడా. ఇంతలో గురువుగారు కాళ్లు పైకి తీసుకున్నారు.

పన్నెండేళ్ల కిందటి సంగతట. ఆయన తాను నేసిన పంచెల మూట పట్టుకుని సేలం వెళుతున్నారు. రైల్లో ఎదుటి బల్లల మీద ఏడుగురు అయ్యప్పస్వాములు. పార్వతీపురం అవతల ఏదో ఊరు వాళ్లది. నల్లబట్టలు, మెడల్లో మాలలు, పై బల్ల మీద వరసగా ఇరుముడులు. వాళ్లలో పెద్ద దాలినాయుడు, యాభై దాటినవాడు. అతని పక్కన తడిగోనె చుట్టిన కొబ్బరి మొక్క ఒకటుంది. ఎండ తగలకుండా దాన్ని మాటిమాటికీ జరుపుతున్నాడు. పద్దెనిమిదోసారి కొండకు వెళ్లే స్వామి అక్కడ కొబ్బరి మొక్క నాటుతాడు. నాటి వచ్చాడంటే ఇక అతను గురుస్వామి, ఊళ్లో నలుగురి మెడలో మాల వెయ్యగల మనిషి.

మర్నాడు పొద్దున్న గూడూరు దాటాక దాలినాయుడు వచ్చి గురువుగారి పక్కన కూర్చున్నాడు. తమరెంతవరకు స్వామీ అని అడిగాడు. సేలం అన్నారు ఈయన. అతను తన సెల్‌ఫోను తీసి ఈయన చేతిలో పెట్టాడు.

"తమరు దిగేదాకా ఇది తమ కాడ ఉంచండి స్వామీ. మా అన్నకి బాగోనేదు. విశాఖపట్నంలో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటి కాడనుంచి ఫోనొస్తే తమరే మాటాడండి. ఆలు ఏటి సెప్పినా నాకు మాత్రం సెప్పకండి."

"ఫోను ఆపేస్తే సరిపోతుంది కదా నాయనా?"

"ఆపేస్తే నేను ఆపీసినట్టవదా? నేను ఆపనేదు, నాకు కబురు రానేదు. అలాగుండాల. తమరు మాకు చుట్టం కాదు, పక్కం కాదు. తమకి మైల అంటదు."

ఎంత తెలివో చూడండి! దేవుడి ముందు నిలబడినప్పుడు చెప్పుకోవలసిన సాక్ష్యం దారిలోనే తయారుచేసుకుంటున్నాడు. వింటున్న నాకు ఒళ్లు మండింది. గురువుగారు మాత్రం అతన్ని పల్లెత్తు మాట అనలేదు. చెడ్డవాడు కాదన్నారు. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్లు. అన్నే చంకన వేసుకుని పెంచాడు. మొదటిసారి కన్నెస్వామిగా వెళ్లిననాడు కాళ్లు పొక్కి కూలబడితే, అన్నే భుజం ఆసరా ఇచ్చి కొండ ఎక్కించాడు. ఇదంతా దాలినాయుడే చెప్పాడు, చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంత ప్రేమ ఉన్నవాడివి వచ్చే స్టేషనులో దిగి వెనక్కి పోరాదా అన్నారు గురువుగారు.

"ఎలాగ దిగిపోను స్వామీ? పదిహేడేళ్లు ఎక్కినాను. ఈపాలి మాల తీసీసి ఊళ్లోకి ఎల్తే ఏటనుకుంటారు? 'గురుస్వామి దాలినాయుడు గారికి స్వాగతం' అని పెద్ద ఫ్లెక్సీ కట్టీసినారు. మా అన్న కూడా ఎల్లమనే అన్నాడు."

అన్న అన్నాడో లేదో అతనికే తెలియాలి.

కాట్పాడి ఇంకా రాకముందే ఫోను మోగింది. అవతల అతని వదిన. "ఎవులు బాబూ మాటాడతన్నారు? మరిది ఏడి? ఓపాలి ఇయ్యండి. ఈయన తమ్ముడి గొంతు ఇనాలంటన్నాడు. ఆట్టే సేపు నేదని డాట్రుగారు సెప్పీసినారు."

గురువుగారు ఫోను అరచేత్తో మూసి దాలినాయుడి ముందు పెట్టారు. "నాయనా, మీ అన్న బతికే ఉన్నాడు. నీ గొంతు వినాలంటున్నాడు. బతికున్న మనిషితో మాట్లాడితే మైలేమిటి? పుచ్చుకో."

దాలినాయుడి చెయ్యి లేచింది. గురువుగారు ఆ చెయ్యి సంగతి రెండుసార్లు చెప్పారు. సగందాకా లేచి ఆగిందట. మాట్లాడుతూ ఉండగానే ఆ ప్రాణం పోతే? అప్పుడు విన్నట్టే కదా! ఆ భయం అతని ముఖం మీద స్పష్టంగా కనబడిందట. చెయ్యి వెనక్కి పోయింది. రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, "స్వామియే" అని గొంతెత్తాడు. సంగతి తెలియని తక్కిన ఆరుగురూ "శరణమయ్యప్ప" అని అందుకున్నారు. పెట్టె పెట్టంతా మారుమోగిపోయింది. పక్క బల్లల మీది ఆడవాళ్లు లేచి నిలబడి దణ్ణాలు పెట్టారు.

గురువుగారు ఫోను చెవిన పెట్టుకుని తలుపు దగ్గరికి నడిచారు. వదిన అప్పటికే తన ఫోను మొగుడి చెవి దగ్గర పెట్టేసింది.

"తమ్ముడా?" అన్నాడు అవతలి మనిషి.

గురువుగారు అబద్ధమాడరని పొందూరులో ఎవరినడిగినా చెబుతారు. పంచెలో ఒక్క పోగు తెగినా కొనేవాడికి చూపించి మరీ అమ్మే మనిషి. ఆయన "ఊఁ, అన్నా" అన్నారు.

"శరణుఘోస ఇనబడతన్నాది. బాగున్నాది. మోకాలికి పట్టీ తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నానన్నా."

"కట్టుకోరా. నీలిమల ఎక్కేకాడ పరిగెట్టకు. నీకు తొందరెక్కువ."

ఆ తర్వాత ఇంకొక్క మాట అన్నాడు. దానికి గురువుగారు "అలాగే అన్నా" అన్నారు. అవతల ఊపిరి కాసేపు వినబడింది, తర్వాత వినబడలేదు. వదిన గొల్లుమంది. గురువుగారు ఫోను పెట్టేయలేక అలాగే నిలబడ్డారు. కొంతసేపటికి ఆవిడే మళ్లీ ఫోను తీసుకుంది.

"మాటాడింది మరిది కాడు కదా బాబూ?"

"కాదమ్మా. తప్పు చేశాను."

"తప్పేటి నేదు. ఆయన నవ్వి పోనాడు."

"అతనితో ఏం చెప్పమంటావమ్మా?"

"ఇనకూడదనుకున్నోడికి ఏటి సెప్తారు బాబూ" అని ఆవిడ పెట్టేసింది.

ఆయన తిరిగి వచ్చేసరికి శరణుఘోష ఆగింది. దాలినాయుడు చెవుల్లోంచి వేళ్లు తీసి ఈయన ముఖంలోకి చూశాడు, చూసి చప్పున తల తిప్పేసుకున్నాడు. కాని తోడబుట్టినవాడి ప్రాణం ఊరుకుంటుందా?

"మాటాడినాడా స్వామీ?"

"మాట్లాడాడు. మోకాలికి పట్టీ కట్టుకోమన్నాడు."

దాలినాయుడి ముఖం విప్పారింది. "సూసినారా! నా మోకాలు దాకా గుర్తున్నాదంటే మా అన్నకి ఢోకా నేదు" అని తోటిస్వాములకు చెప్పుకున్నాడు. సంచిలోంచి పట్టీ తీసి అక్కడికక్కడే కట్టుకున్నాడు. ఆ సంతోషంలో ఒకరు అటుకులూ బెల్లమూ పంచారు. గురువుగారి చేతిలోనూ పెట్టారు. నోట్లో పెట్టుకోలేక ఆయన పంచె కొంగున కట్టుకున్నారట.

సేలం దగ్గరపడుతుండగా దాలినాయుడు మళ్లీ పక్కన చేరాడు. గొంతు తగ్గించి, "ఇంకేటైనా అన్నాడా?" అని అడిగాడు.

"ఒక మాటన్నాడు. చెప్పమంటావా?"

దాలినాయుడు మొక్కకు చుట్టిన గోనె ఆరిందేమోనని తడిమాడు. సీసాలో నీళ్లు తీసి తడిపాడు. మూత బిగించాక అప్పుడన్నాడు: "దరిసనమయ్యాక సెబుదురు గాని."

"అప్పటికి నేనెక్కడ, నువ్వెక్కడ నాయనా?"

అన్న పోయాడని అతనికి తెలిసిపోయింది. తెలిసే ఆ మాట చెప్పమనలేదు. గురువుగారు తన పేరూ ఊరూ చెప్పి, మనసైనప్పుడు వచ్చి అడగమని చెప్పి, ఫోను తిరిగిచ్చి దిగారు. దాలినాయుడు కిటికీలోంచి చేతులు జోడించి తమ ఉపకారం మరవను స్వామీ అన్నాడు. ఉపకారమట!

ఆయన మూట దింపి స్టేషను కుళాయి కింద తలస్నానం చేశారు. ఇంటికి వచ్చాక పది రోజులు మగ్గం ముట్టుకోలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి మనకు మైలేమిటని గురుపత్ని నిలదీస్తే, ఎవరో ఒకరు పట్టాలి కదా, విన్నవాణ్ని నేనే అన్నారట.

ఇంతవరకు చెప్పి ఆయన ఊరుకున్నారు. పోలారావే అడిగాడు.

"తర్వాత ఎప్పుడైనా వచ్చాడా గురువుగారూ?"

"రాలేదు. మొదట్లో ఎవరు తలుపు తట్టినా అతనే అనుకునేవాణ్ని."

"మరి గురుస్వామి అయ్యాడా?"

"అయ్యే ఉంటాడు. అయ్యప్ప అతన్ని ఏమీ అని ఉండడు. చెవులు మూసుకు రమ్మని ఆ స్వామి అడగనూ లేదు."

మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంత విన్నాక కూడా పోలారావుకి దాచిన మాట మీదే ఆశ. నిజం చెప్పొద్దూ, నాకూ అదే ఆశ. అతను అడగకపోతే నేనే అడిగేవాణ్ని.

"ఇంతకీ ఆ ఒక్క మాట ఏమిటి గురువుగారూ?"

"అది నీకు చెప్పిన మాట కాదు పోలారావూ" అన్నారు గురువుగారు. "నీకు చెప్పాల్సినాయన శ్రీకాకుళంలో ఉన్నాడు. ఈ పూటకి ఉన్నాడు."