తాంబూలం నమిలేలోగా

కోటలోకి సొంత బళ్లు రాకూడదనీ, గుమ్మం బయటే విడిచి, ఊరుమ్మడి బండెక్కి రావాలనీ మంత్రి భద్రపాలుడు శాసనం వేయించాడు. ఆ మర్నాడే లోపలి పేటలో నొప్పులు పడుతున్న మనిషి కోసం మంత్రసాని నూకాలమ్మ హడావిడిగా బండిలో వచ్చింది. గుమ్మం బయట బండి విడిచింది గానీ ఊరుమ్మడి బండి జాడలేదు. పేట చూస్తే కోసెడు దూరం. ఆమెకు కాలు ఒకచోట నిలవడంలేదు.

అంతలో మంత్రి రథం వచ్చింది. నూకాలమ్మ గుర్రాలకు అడ్డంగా నిలబడింది.

"బండెప్పుడొస్తుంది బాబూ?"

"తాంబూలం నమిలేలోగా వచ్చేస్తుంది!" అన్నాడు మంత్రి దర్జాగా.

నూకాలమ్మ తన సంచిలోంచి తాంబూలం తీసి ఆయన చేతిలో పెట్టింది. "అయితే దిగి నమలండి బాబూ. మీ రథానికీ చక్రాలున్నాయిగా, అదీ సొంత బండే!"

బండి కోసం కాచుకున్న జనమంతా చూస్తున్నారు. కాదనలేక దిగాడు. నోరు పండింది గానీ బండి రాలేదు. ఇంతలో కొలువు నగారా మోగింది. ఆలస్యమైపోతోందని మంత్రి రథం వైపు ఉరికాడు.

"మీరొక్కరే ఎక్కితే అది సొంత బండి, శాసనం ఒప్పదు. మమ్మల్నీ ఎక్కించుకుంటే ఊరుమ్మడి బండి. మీ ఇష్టం!" అంది నూకాలమ్మ.

పేటలో నూకాలమ్మ చేతుల్లో బిడ్డ కేరుమనే వేళకు, మంత్రి ఎవరిదో వంకాయల గంప ఒళ్లో పెట్టుకుని, కిక్కిరిసిన రథంలో కొలువు చేరాడు.

మర్నాటి నుంచి ఊరుమ్మడి బళ్లు వెంటవెంటనే వస్తుంటే, గుమ్మం దగ్గర ఎవరికీ ఆకుకు సున్నం రాసుకునే తీరిక కూడా దొరకలేదు.