మంచులో పోలయ్య గొంతు

లతీఫ్‌కి గర్వం తలకెక్కింది. ధ్యానంలో కూర్చుంటే చాలు, ఎవరో తనని పేరు పెట్టి పిలుస్తున్నారు. ఏళ్ళ తరబడి పీర్ సాహెబ్‌ని కొలుస్తున్నవాళ్ళకి లేని భాగ్యం, నిన్నగాక మొన్న శిష్యుడిగా చేరిన తనకి! ఊరుకోగలడా? కళింగపట్నం వెళ్ళే తెరచాప పడవలో గురువు పక్కన చేరి చెప్పేశాడు.

"హజ్రత్, ఆ పిలిచేది దేవుడే కదా?"

పీర్ సాహెబ్ నీళ్ళకేసి చూశారు. సముద్రం మీద తెల్లవారుజామున పట్టిన మంచు ఇంకా విడలేదు.

అంతలో గాలి మళ్ళింది. తెరచాప వాసం ఒక్కసారిగా అడ్డం తిరిగి, పడవ నడిపే సరంగు తమ్ముడు పోలయ్యని నీళ్ళలోకి నెట్టేసింది.

సరంగు దానయ్య ఒక ఖాళీ పీపా అటు విసిరి, చుక్కాని దగ్గరికి ఉరికాడు. "బాబూ, మా తమ్ముడి మీంచి సూపు తీయకండి! వేలెట్టి సూపిస్తా ఉండండి, నాను పడవ తిప్పుతాను. పేరెట్టి మాత్రం పిలవకండి, ఈ మంచులో ఇంకేటో పలుకుతాది!" అని లతీఫ్‌కి అరిచి చెప్పాడు.

లతీఫ్ వేలు చాచి నిలబడ్డాడు. అలల మధ్య నల్లగా ఒక తల, కనిపించీ కనిపించకుండా. అది కాస్తా మునిగింది. ఉండబట్టలేక "పోలయ్యా!" అని కేకేశాడు.

"ఓయ్! ఇక్కడున్నాను!"

అచ్చం పోలయ్య గొంతే. కాని వెనకనుంచి. లతీఫ్ గిరుక్కున తిరిగాడు, వేలూ తిరిగింది. ఆ వేలినే నమ్ముకున్న దానయ్య పడవని అటు మళ్ళించబోయాడు.

పీర్ సాహెబ్ కళ్ళు మాత్రం మొదటి చోటు వదల్లేదు. ఆయన లేచి, లతీఫ్ మణికట్టు పట్టుకుని మళ్ళీ అటే తిప్పారు. అక్కడ ఏమీ కనిపించడం లేదు, ఏ చప్పుడూ లేదు. వెనకనుంచి ఆ గొంతు ఏడుస్తూ పిలుస్తూనే ఉంది. ఆయన తన రెండు అరచేతులతో శిష్యుడి చెవులు మూసేశారు.

పడవ ఆ చప్పుడు లేని వైపే సాగింది. పీపాని కావలించుకుని పోలయ్య అక్కడే ఉన్నాడు, పెదవులు నీలమెక్కి.

పైకి లాగాక లతీఫ్ అడిగాడు. "ఇందాక నువ్వు పిలవలేదా?"

"నోటినిండా ఉప్పునీల్లు బాబూ. నానెక్కడ పిలిసీది?"

లతీఫ్ గురువు వైపు తిరిగాడు. "మరి పలికింది ఎవరు, హజ్రత్?"

"వాడు చలికి కొంకర్లు పోతున్నాడు. కాళ్ళు రుద్దు," అన్నారు పీర్ సాహెబ్.

లతీఫ్ కూర్చుని పోలయ్య పాదం రుద్దసాగాడు. మంచులోంచి మళ్ళీ పిలుపు వచ్చింది, ఎంతో దగ్గరగా, ఎంతో ప్రేమగా. ఈసారి "లతీఫ్..." అని.

దానయ్య బిక్కచచ్చిపోయాడు. లతీఫ్ తల ఎత్తకుండా రెండో పాదం ఒళ్ళోకి తీసుకున్నాడు.