చల్లారని గంజి

నబీరసూల్ ఒట్టి మొండిఘటం. గుట్ట మీది దర్గాకి వచ్చేపోయేవాళ్లకు గంజి కాచి పోయడం అతని పని. ఒకరోజు పొద్దున్నే గరిటె పక్కన పడేసి, గురువు బడేస్వామి ముందు కూర్చున్నాడు.

"తెల్లారి ధ్యానంలో గుండె వెచ్చగా ఉంటుంది స్వామీ. పొద్దెక్కేసరికి ఈ జనం దాన్ని కాస్తా చల్లార్చేస్తారు. ఒకడికి జ్వరం, ఇంకొకడికి అత్తగారి పోరు. నేను పోయి గుహలో కూర్చుంటా. గుహకి రాయి అడ్డం పెట్టుకుంటా."

సెలవడగడానికే వచ్చాడు గానీ, ఆరు నూరైనా వెళ్లేవాడే. మూట అప్పటికే కట్టేసుకున్నాడు.

పెద్దాయన పొయ్యి కేసి చూశాడు. "ఆ గంజికుండ నీ చేతిలో పెడుతున్నా నాయనా. రేపు ఈ వేళకి అందులోంచి నాకు పొగలు కక్కే గంజి పోసివ్వు. పోస్తే నిన్ను ఆపను."

ఓస్, ఇంతేనా అనుకున్నాడు రసూల్. ఎవరూ ముంచుకుపోకుండా కుండని దించి తన గదిలో దాచాడు. మూత పెట్టలేదు. సాయంత్రానికే చల్లబడింది, కొంత ఆవిరైపోయింది.

గడువు తప్పినా పట్టు వదలక, మర్నాడు ఇంకో కుండ కాచి, మూత పెట్టి పిండితో అంచు బిగించాడు. చుక్క తగ్గలేదు. వేడి మాత్రం కుండ గోడల్లోంచి ఎటో పోయింది. అతనికి రోషం పొడుచుకొచ్చింది.

ఈసారి మూసిన కుండని గంపెడు ఊకలో పాతి, పైన గొంగళి కప్పి, దాని పక్కనే పడుకున్నాడు. ఈ కుండల గోలలో అతను ఉంటే, జనానికి గంజి పోసే పని పెద్దాయనే చూసుకున్నాడు.

తెల్లారి మూత తీస్తే గోరువెచ్చగా ఉంది. పులిసిన కంపు ముక్కు పగలగొట్టింది.

రసూల్‌కి ఏడుపొచ్చినంత పనైంది. అయినా కుండ పట్టుకెళ్లి గురువు ముందు పెట్టాడు. "ఓడిపోయా స్వామీ. గాలి కూడా చొరకుండా మూశాను. అయినా నిలవలేదు."

బడేస్వామి పొయ్యి మీద ఉడుకుతున్న కుండలోంచి ముంచి, అతని చేతికి ఒక ముంత ఇచ్చాడు. అరచెయ్యి చురుక్కుమంది.

"ఇది ఎప్పుడు కాచారు?"

"నువ్వు మొదటి కుండ దించిన రోజు. జనం ముంచుకుపోతూనే ఉన్నారు. నేను నీళ్లూ నూకలూ పోస్తూనే ఉన్నా."

రసూల్ ముంతలోంచి ఒక గుక్క తాగాడు.

"పోసిమ్మన్నా గానీ, కుండని పొయ్యి మీంచి దించమన్నానా నాయనా?"

గుట్ట మెట్ల మీద ఎవరో దగ్గుతూ ఎక్కి వస్తున్నారు. రసూల్ లేచి, పొయ్యిలోకి రెండు కట్టెలు ఎగదోసి, గరిటె అందుకున్నాడు.